రాగి పలకలో తిరగబడ్డ తీగ

పాతకాలపు మొక్కల బొమ్మల్లో తీగ కనిపిస్తే నేను ముందు పువ్వు చూడను. కర్రను ఏ వైపుగా చుట్టుకుందో చూస్తాను.

ఇంగ్లిష్ నావికుడు కెప్టెన్ జేమ్స్ కుక్ నౌకాయాత్ర కథ చాలామందికి తెలిసిందే, కాబట్టి క్లుప్తంగా చెప్తాను. 1770లో ఎండెవర్ ఓడ ఆస్ట్రేలియాలో బాటనీ బే చేరింది. ఓడలోని వృక్షశాస్త్రజ్ఞులు జోసెఫ్ బ్యాంక్స్, డేనియల్ సొలాండర్ కుప్పలుగా మొక్కలు తెచ్చి పడేస్తుంటే, అవి వాడిపోయేలోగా చిత్రకారుడు సిడ్నీ పార్కిన్సన్ స్కెచ్ గీసి, కొంత భాగానికే రంగు వేసి, మిగతా రంగుల వివరం రాసిపెట్టేవాడు. 1771 జనవరిలో, తిరుగు ప్రయాణంలో, జబ్బుచేసి ఓడలోనే చనిపోయాడు. మిగిలిన బొమ్మల్ని లండన్‌లో వేరేవాళ్లు పూర్తిచేశారు. వాటి నుంచి 700కి పైగా రాగి పలకలు చెక్కించాడు బ్యాంక్స్. ఆయన బతికుండగా అవి పుస్తకంగా రానేలేదు. పూర్తిగా రంగుల్లో అచ్చయింది 1980లలో!

అసలు మజా ఆ పలకలోనే ఉంది. పెడన కలంకారీ అచ్చులో ఎత్తుగా ఉన్న గీతకు రంగు అంటుతుంది. రాగి పలకది దానికి ఉల్టా పద్ధతి. బ్యూరిన్ అనే ఉక్కు పనిముట్టును ముందుకు తోస్తే సన్నటి గాడి పడుతుంది. సిరా పూసి పైపైన తుడిచేస్తే, గాడిలో మిగిలిందే గీత. గాడి లోతు, వెడల్పు పెరిగేకొద్దీ గీత నల్లబడుతుంది. తడి కాగితం పరిచి రోలర్ల మధ్య గట్టిగా నొక్కితే, కాగితం గాడిలోకి దిగి సిరాను లాక్కుంటుంది.

అచ్చు దేనిదైనా కుడి ఎడమవుతుంది. జామాకుకు దాంతో నష్టం లేదు, తీగకు ఉంది. మెలికను తలకిందులు చేసినా దాని దిశ మారదు, అద్దంలో మాత్రం మారిపోతుంది. పెండలం తీగ ఒక వైపుగా చుట్టుకుంటుంది. అదే ప్రజాతిలో, కొమ్మలకు దుంపలు కాసే అడవి జాతి రెండో వైపుగా చుట్టుకుంటుంది. జాతిని పోల్చుకోవడానికి అదొక గుర్తు. చెక్కేవాడు ఏమరపాటుగా ఉంటే ఒక జాతి ఇంకో జాతిలా కనిపిస్తుంది. అందుకే జాగ్రత్తపరులు బొమ్మను ముందే తిరగేసి పలక మీదికి ఎక్కించేవారు. 1650లో డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ ఒక గవ్వను అలా తిరగేయకుండానే చెక్కాడు. అచ్చులో దాని చుట్టు తారుమారైంది. సంతకం మాత్రం సరిగ్గానే వచ్చింది! మన దక్షిణావర్త శంఖాల బేరగాళ్లకు ఈ కిటుకు తెలిస్తే ఫొటోను తిప్పి అమ్మేస్తారు.

భూమధ్యరేఖ దాటితే తీగలు ఎదురు తిరుగుతాయన్నది ఒట్టి మాట. చుట్టుకునే తీగల్లో అత్యధికం రెండు అర్ధగోళాల్లోనూ ఒకే దిశలో తిరుగుతాయి.

బ్యాంక్స్ పర్యవేక్షణలోనే 1795 నుంచి వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ రాసిన కోరమండల్ తీరపు మొక్కల పుస్తకం వెలువడింది, మొత్తం 300 చిత్రాలతో. రాక్స్‌బర్గ్ మన సామర్లకోటలో ఉండి, ఇక్కడి చిత్రకారుల చేత గీయించిన బొమ్మలు లండన్‌లో పలకలెక్కాయి. మొక్కల తెలుగు పేర్లు కూడా అందులో ఉన్నాయి. గోదావరి జిల్లాల వాళ్లకు సరిచూసుకోవడం తేలిక: పుస్తకంలోని తీగను పక్కన పెట్టుకుని, కంచె మీద అదే తీగ ఎటు తిరిగిందో చూడటమే.