రెండు మాత్రలు, రెండు పనులు

పర్లాకిమిడి

చిరంజీవులకు అమ్మమ్మ ఆశీస్సులు.

తాతయ్య పాతపట్నం వెళ్ళిన పూట ఇంట్లో నాకు తోడు మీరే. అందుకే సెలవులకు రాకముందే నా మాత్రల సంగతి రాస్తున్నాను.

నా జబ్బు పేరు మెనియర్స్. వినడానికీ తూలకుండా నిలబడడానికీ లోపలి చెవిలో సన్నని నాళాలుంటాయి. వాటిలోని ద్రవం నాకు ఎక్కువగా చేరుతుంది. చెవి దిబ్బడ వేసి, హోరు పెట్టి, గది గిర్రున తిరుగుతుంది. ఇరవై నిమిషాల్లో తగ్గవచ్చు, గంటల తరబడి ఉండవచ్చు. ఇలాంటి తిరుగుడు చెవిలోనే పుడుతుందని 1861లో పారిస్ వైద్యుడు ప్రాస్పర్ మెనియర్ చెప్పేదాకా అందరూ మెదడు జబ్బనే అనుకున్నారు. మా వీధిలో ఇప్పటికీ దిష్టి అంటారు, ఉప్పు తిప్పి పారేయమంటారు. డాక్టరుగారు కూడా ఉప్పు మానమనే అన్నారు, తిప్పమని మాత్రం అనలేదు! ఆవకాయ, ఎండుచేప ఇక మీకే.

రోజూ వేసుకునేది బీటాహిస్టిన్, 16 మిల్లీగ్రాములది, మూడు పూటలా అన్నం తిన్నాక. ఖాళీ కడుపున వేస్తే కడుపులో తిప్పుతుంది. తిరుగుడు మొదలయ్యాక దీన్ని ఇస్తే ఆగదు. ముందు ముందు తక్కువసార్లు రావాలని నెలల తరబడి వాడేది. పనిచేస్తుందా అంటే, జర్మనీలో 221 మందికి తొమ్మిది నెలలు ఇచ్చి చూసిన పరీక్ష ఫలితం 2016లో వచ్చింది. ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్ళకూ అంతే తగ్గిందట! ఈ జబ్బు తనంతట తానే తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది, ఏది మందు పుణ్యమో తేల్చడం కష్టం. అయినా పెద్దగా హాని లేదు కనుక కొన్నాళ్ళు చూద్దామన్నారు డాక్టరుగారు, చూస్తున్నాను. ఆయాసం ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా వేసుకోకూడదు. తాతయ్య నా డబ్బా జోలికి వస్తే కేకలు వేయండి.

ఎర్ర మూత డబ్బాలోది ప్రోక్లోర్‌పెరజిన్. తిరుగుడు పట్టుకున్నప్పుడు, అదీ నేను అడిగితేనే, ఒకటి ఇవ్వండి. వాంతిని అణిచి, కాస్త మత్తు కమ్మిస్తుంది. హాయిగా ఉంది కదా అని రోజూ మింగితే మా వయసువాళ్ళకు చేతులు వణుకుతాయి, ఒళ్ళు బిగుసుకుపోతుంది. మందుల కొట్లో అడిగితే ఇచ్చేస్తారు, అదే చిక్కు.

తిరుగుడు వచ్చినప్పుడు నన్ను లేపి నడిపించవద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి దీపం తీసేయండి. మూతి వంకరపోయినా, మాట తడబడినా, చెయ్యి చచ్చుబడినా అది ఈ జబ్బు కాదు. ఏ మాత్రా వేయకుండా వెంటనే 108కి ఫోను చేయండి, ఆ తరువాతే తాతయ్యకు.

మీ అమ్మమ్మ