పుండు కంట్లో, వైరస్ నరంలో: కంటి హెర్పిస్ వెనుక కథ

ముఖంలో భరించలేని నరాల పోటుకు అమెరికన్ సర్జన్ హార్వే కుషింగ్ ఆపరేషన్లు చేసేవారు. ఆపరేషన్ అయ్యాక కొందరికి పెదవుల దగ్గర జ్వరపు పొక్కులు (హెర్పిస్) లేచేవి. అయితే నరం కోసేసిన వైపు చర్మం శుభ్రంగా ఉండేది, నరం బాగున్న చోటే పొక్కులు వచ్చేవి. 1905లో ఆయన ఈ సంగతి రాశారు. హెర్పిస్‌కీ నరానికీ ఉన్న బంధం అలా బయటపడింది.

అది వైరస్సేనని కుందేళ్ల కళ్లు తేల్చాయి. జర్మనీలో విల్‌హెల్మ్ గ్రూటర్ మనిషి కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర) మీది పుండు నుంచి తీసిన పదార్థాన్ని కుందేలు కంటికి అంటించి అదే జబ్బు తెప్పించారు. 1919లో లోవెన్‌స్టైన్ పెదవి పొక్కు రసంతోనూ అదే చేసి చూపారు. అంటే పెదవి జబ్బూ కంటి జబ్బూ ఒకటే. పుండు మానాక వైరస్ నరాల గాంగ్లియాలో, అంటే నరకణాలు గుంపుగా ఉండే ముడుల్లో, దాక్కుంటుందని 1929లో గుడ్‌పాశ్చర్ వాదించారు. స్టీవెన్స్, కుక్ చిట్టెలుకల్లో దాన్ని రుజువు చేసేసరికి 1971 వచ్చింది. ఆ తర్వాత ఒకటి రెండేళ్లకే మనుషుల గాంగ్లియాలోనూ వైరస్ దొరికింది.

కార్నియా నిండా సన్నని నరాల కొనలే. వైరస్ పైపొర కణాల్లో పెరుగుతూ పోతే పుండు కొమ్మలా చీలుతుంది. ఫ్లోరెసిన్ రంగు వేసి నీలి కాంతిలో చూస్తే, చివర్లలో చిన్న బుడిపెలున్న పచ్చటి కొమ్మ మెరుస్తూ కనిపిస్తుంది. ఇంతలో కొంత వైరస్ నరం కొనలోకి దూరి, నరకణంలో సరుకులు మోసే వ్యవస్థ మీదే ప్రయాణించి, పుర్రె అడుగున ఉన్న ట్రైజెమినల్ గాంగ్లియన్‌కు చేరుతుంది. అక్కడ డీఎన్‌ఏగా మాత్రమే మిగిలి కదలకుండా ఉండిపోతుంది. కన్ను, పై దవడ, కింది దవడ నరాలు మూడూ కలిసేది అక్కడే. కాబట్టి చిన్నప్పుడు నోటి ద్వారా చేరిన వైరస్ ఏళ్ల తర్వాత కంట్లో దిగవచ్చు. సర్పి తెచ్చే వైరస్‌దీ ఇదే దారి. అందుకే ముక్కు కొన మీద సర్పి పొక్కు కనిపిస్తే డాక్టర్లు కన్ను కూడా పరీక్షిస్తారు.

జబ్బు తిరగబెట్టిన కొద్దీ కార్నియా స్పర్శ కోల్పోతుంది. డాక్టర్ దూది పోగుతో తాకినా రెప్ప పడదు. నాకు అన్నిటికన్నా భయం కలిగించేది ఇదే. నొప్పి లేదు కదా, తగ్గిపోయిందిలే అనుకునే లోపు కంట్లో పువ్వు వేసేస్తుంది.

మందులు ఆలస్యంగా వచ్చాయి. 1962లో హెర్బర్ట్ కాఫ్‌మన్ ఇడాక్స్‌యూరిడిన్ చుక్కలతో ఈ పుండ్లను మాన్పారు. వైరస్ జబ్బుకు పనిచేసిన తొలి మందుల్లో అదొకటి. తర్వాత వచ్చిన ఎసైక్లోవిర్ ఇంకా మెరుగైనది. కానీ వైరస్ డీఎన్‌ఏ కాపీలు చేసుకునేటప్పుడే అది దెబ్బ కొట్టగలదు, నిద్రపోతున్న వైరస్‌ను ఏమీ చేయలేదు. 1998లో వెలువడిన అమెరికా అధ్యయనంలో 703 మంది పాల్గొన్నారు. రోజుకు రెండుసార్లు 400 మిల్లీగ్రాముల ఎసైక్లోవిర్ మాత్ర ఏడాదిపాటు వేసుకున్నవాళ్లలో 19 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 32 శాతం మందికి. మాత్ర ఆపాక ఆ రక్షణ నిలవలేదు.

మన దగ్గర ఇంకో ప్రమాదం ఉంది. కన్ను ఎర్రబడితే కండ్లకలకే అనుకుని మెడికల్ షాపులో చుక్కలు కొనేస్తాం. వాటిలో స్టెరాయిడ్ ఉంటే ఎరుపు తగ్గుతుంది గానీ కొమ్మలాంటి పుండు మాత్రం మ్యాపులా విస్తరిస్తుంది. కార్నియా లోపలి పొర వాచినప్పుడు డాక్టర్లు అదే స్టెరాయిడ్‌ను వైరస్‌ను అడ్డుకునే మందుతో కలిపి ఇస్తారు. ఏ పొరలో ఏం జరుగుతోందో స్లిట్ ల్యాంప్ అనే కంటి పరీక్ష మైక్రోస్కోప్‌లో చూడకుండా ఆ చుక్క వేయకూడదు.

నరంలో దాగిన డీఎన్‌ఏనే కత్తిరించే ప్రయత్నం ఇప్పుడు నడుస్తోంది. సియాటెల్‌లోని ఫ్రెడ్ హచిన్సన్ కేంద్రం శాస్త్రవేత్తలు 2020లో జీన్ ఎడిటింగ్‌తో చిట్టెలుకల ఒక రకం గాంగ్లియాలో ఆ వైరస్‌ను 90 శాతానికి పైగా తొలగించారు.