టెండర్‌లో పక్షపాతంపై సవాలు: కాంట్రాక్టర్లలో తిరిగే అపోహలు - వాస్తవాలు

టెండర్ చేజారిన మర్నాడే “ముందే సెట్ చేసేశారు” అనే మాట వినిపిస్తుంది. కొన్నిసార్లు అది నిజం కూడా. అయినా అలాంటి కేసులు చాలా నిలబడవు. అన్యాయం జరగలేదని కాదు, ఎప్పుడు, ఎవరి ముందు, ఏ కాగితంతో అడగాలో తెలియకపోవడం వల్ల. నిజాయతీగా బిడ్ వేసినవాళ్లు ఇలా నష్టపోవడం మాకు బాధ కలిగిస్తుంది. అందుకే ఇది రాస్తున్నాం.

అపోహ: టెండర్ ఫిర్యాదులు వినడానికి ఎక్కడైనా ఒక ట్రిబ్యునల్ (ప్రత్యేక న్యాయ వేదిక) ఉంటుంది.

వాస్తవం: కెన్యా లాంటి దేశాల్లో ఉంది. అక్కడి 2015 చట్టం ప్రకారం 14 రోజుల్లో రివ్యూ బోర్డుకు వెళ్లాలి, బోర్డు 21 రోజుల్లో తేల్చాలి. మన దేశంలో కేంద్ర స్థాయిలో అలాంటి చట్టమే లేదు. 2012లో పార్లమెంటులో పెట్టిన పబ్లిక్ ప్రొక్యూర్‌మెంట్ బిల్లు 2014లో లోక్‌సభ రద్దుతో మురిగిపోయింది. కొన్ని రాష్ట్రాలు మాత్రం సొంత చట్టాలు చేసుకున్నాయి. కర్ణాటక 1999 చట్టం 16వ సెక్షన్ కింద అప్పీలుకు 30 రోజులు, తమిళనాడు 1998 చట్టం 11వ సెక్షన్ కింద 10 రోజులు గడువు. బెంగళూరు, చెన్నై పనులకు బిడ్ వేసే మనవాళ్లు ఈ తేడా గుర్తుంచుకోవాలి. అప్పీలు వదిలేసి నేరుగా హైకోర్టుకు వెళ్తే “ముందు అక్కడికి వెళ్లి రండి” అని తిప్పి పంపే అవకాశం ఎక్కువ. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో అయితే ముందు శాఖకు రాతపూర్వకంగా రిప్రజెంటేషన్ (వినతిపత్రం), ఆ తర్వాత రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ (ప్రభుత్వ నిర్ణయాన్ని సవాలు చేసే పిటిషన్). ఆంధ్రప్రదేశ్ 2019లో తెచ్చిన జ్యుడిషియల్ ప్రివ్యూ (జడ్జితో ముందస్తు పరిశీలన) ఓడిన బిడ్డర్ కోసం పెట్టింది కాదు. రూ.100 కోట్లు, ఆపైన ఉన్న పనుల టెండర్ డాక్యుమెంట్‌ను, టెండర్ పిలవకముందే పరిశీలించడం అప్పట్లో దాని పనిగా ఉండేది.

అపోహ: టెండర్ కమిటీలోని అధికారికి, ఎల్-1కు (అర్హత పొందిన బిడ్లలో అతి తక్కువ ధర వేసిన బిడ్డర్‌కు) చుట్టరికం ఉందని చూపిస్తే చాలు, టెండర్ రద్దవుతుంది.

వాస్తవం: ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. 1994లో టాటా సెల్యులార్ కేసులో సరిగ్గా ఇదే వాదన వచ్చింది. టెలికాం శాఖ పెద్ద అధికారి ఒకరి కొడుకు బిడ్ వేసిన కంపెనీల్లో ఒకదానిలో ఉద్యోగి. అయినా సుప్రీంకోర్టు పక్షపాతం వాదనను ఒప్పుకోలేదు. ఆ అధికారి హోదా రీత్యా ఆ ప్రక్రియలో ఉండక తప్పదని, ఆయన్ను తప్పించి మరొకరిని పెట్టే వీలు లేదని చెప్పింది. అదే 1969 నాటి క్రైపాక్ కేసు చూడండి. అటవీ శాఖ ఎంపికల్లో తానే అభ్యర్థిగా ఉన్న అధికారి ఎంపిక బోర్డులో కూర్చున్నాడు. తన పేరు వచ్చినప్పుడు పక్కకు తప్పుకున్నా, పోటీదారుల పేర్లు చర్చించేటప్పుడు ఉన్నాడు. కోర్టు ఆ ఎంపికలనే కొట్టేసింది.

ఈ రెండు కేసులూ పక్కపక్కన పెట్టుకుంటే ఏం నిరూపించాలో తెలుస్తుంది. ఆ మనిషికి ఫలితంలో సొంత ప్రయోజనం ఉందా? మార్కులు వేసిన చోట, బిడ్ తోసేసిన చోట నిజంగా ఉన్నాడా? ఆయన స్థానంలో మరొకరిని పెట్టే వీలుందా? అసలు పక్షపాతం చూపాడని రుజువు చేయనక్కర్లేదు, చూపే అవకాశం సహేతుకంగా కనిపిస్తే చాలు. కానీ ఆ అవకాశం మినిట్స్‌లో (సమావేశం రికార్డులో), సంతకాల్లో, తేదీల్లో కనిపించాలి. మన అనుమానంలో ఉంటే లాభం లేదు.

“కావాలనే కక్షకట్టి చేశారు” అనేది వేరే ఆరోపణ. దాన్ని దురుద్దేశం అంటారు, రుజువు భారం చాలా ఎక్కువ. పైగా ఎవరి మీద ఆరోపిస్తున్నామో ఆ అధికారిని పేరుతో, వ్యక్తిగత హోదాలో ప్రతివాదిగా చేర్చాలి. చేర్చకపోతే ఆ ఆరోపణను కోర్టు పట్టించుకోదు. ఆధారం లేకుండా ఈ మాట పిటిషన్‌లో రాసి, బలంగా ఉన్న మిగతా వాదనలను కూడా పలచన చేసుకోకండి.

అపోహ: పక్షపాతానికి సాక్ష్యం మన చేతికి దొరకదు.

వాస్తవం: అన్నిటికన్నా గట్టి సాక్ష్యం ఒకే నిబంధనను ఇద్దరికి రెండు రకాలుగా వర్తింపజేయడం. అది టెండర్ కాగితాల్లోనే ఉంటుంది. ఒక పట్టిక వేయండి: క్లాజు నంబరు, అది అడిగింది, మనం పెట్టింది (పేజీ నంబరుతో), ఎల్-1 పెట్టింది, కమిటీ చేసింది. ఉదాహరణకు అనుభవ సర్టిఫికెట్ మీద ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) సంతకం, దాని మీద ఎస్ఈ (సూపరింటెండింగ్ ఇంజనీర్) కౌంటర్ సంతకం ఉండాలని క్లాజు అనుకుందాం. ఎస్ఈ సంతకం లేదని మన బిడ్ తోసేసి, అదే లోపమున్న ఎల్-1 బిడ్‌కు “తర్వాత తెచ్చి ఇవ్వండి” అని వెసులుబాటు ఇచ్చారంటే, ఆ ఒక్క వరుస పది పేజీల ఆవేదన కన్నా బలమైనది. 2024లో బన్సీధర్ కన్‌స్ట్రక్షన్ కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వ బొగ్గు సంస్థ భారత్ కోకింగ్ కోల్ నిర్ణయాన్ని పక్కన పెట్టింది ఇలాంటి రెండు నాల్కల వైఖరి వల్లే.

ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లో టెక్నికల్ మదింపు ఫలితం కనిపించిన రోజే స్క్రీన్‌షాట్లు, పీడీఎఫ్‌లు తేదీతో దాచుకోండి. సమాచార హక్కు దరఖాస్తు వేయండి, కానీ దానికి 30 రోజుల గడువు ఉంటుంది కాబట్టి జవాబు కోసం కేసు ఆపుకోవద్దు. పోటీదారు కాగితాలను వ్యాపార రహస్యమని ఇవ్వకపోవచ్చు కూడా. అప్పుడు రికార్డు తెప్పించమని కోర్టునే అడగాలి.

అపోహ: ముందు ఫలితం చూద్దాం, ఓడితే అప్పుడు అడుగుదాం.

వాస్తవం: కమిటీలో ఫలానా వ్యక్తి ఉన్నాడని ముందే తెలిసి మౌనంగా ఉంటే ఆ అభ్యంతరాన్ని వదులుకున్నట్టే. 1957 నాటి మాణక్‌లాల్ కేసు నుంచి ఇదే పద్ధతి. నిబంధనలు ఒకే కంపెనీ కోసం రాసినట్టున్నాయంటే ప్రీ-బిడ్ మీటింగ్‌లోనే (బిడ్లు వేయకముందు శాఖ పెట్టే సమావేశంలోనే) రాతపూర్వకంగా అడగండి, జవాబు రాకపోతే బిడ్ దాఖలు గడువులోపే కోర్టుకు వెళ్లండి. అయితే టర్నోవర్, అనుభవం ఎంత ఉండాలో నిర్ణయించే స్వేచ్ఛ శాఖదేనని 2012లో మిషిగన్ రబ్బర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. “మాకు కష్టంగా ఉంది” అంటే సరిపోదు, ఆ షరతుకు ఈ పనితో సంబంధమే లేదని చూపాలి.

అపోహ: విజిలెన్స్‌కు ఫిర్యాదు చేస్తే టెండర్ ఆగుతుంది.

వాస్తవం: ఆగదు. కేంద్ర విజిలెన్స్ కమిషన్ ఫిర్యాదును విచారణకు పంపుతుంది గానీ, టెండర్ ప్రక్రియలో జోక్యం చేసుకోదు.

అపోహ: అప్పీలో రిట్టో వేశాం కాబట్టి ఇక పని మొదలుపెట్టలేరు.

వాస్తవం: స్టే (పని ఆపమనే మధ్యంతర ఉత్తర్వు) విడిగా అడగాలి, రావడం కూడా కష్టమే. మౌలిక వసతుల పనులు ఆపవద్దని స్పెసిఫిక్ రిలీఫ్ చట్టానికి 2018 సవరణ 41(హెచ్ఏ) నిబంధనను చేర్చింది. రిట్ కోర్టులూ దీన్ని దృష్టిలో పెట్టుకోవాలని 2022లో ఎన్.జి. ప్రాజెక్ట్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. యూరప్‌లో లాగా ఫలితానికీ అగ్రిమెంట్‌కూ మధ్య తప్పనిసరి విరామం మన దగ్గర లేదు. అప్పీలుకు 30 రోజులున్నాయి కదా అని 29వ రోజున వెళ్తే అప్పటికి యంత్రాలు సైట్‌లో దిగి ఉంటాయి. ఎల్-1 బిడ్డర్‌ను కూడా ప్రతివాదిగా చేర్చాలి. చేర్చకపోతే ఆ ఒక్క కారణంతోనే పిటిషన్ పోవచ్చు.

ఇంకొకటి, చాలామంది మరిచిపోయేది: కేసు నడుస్తుండగా మన బిడ్ చెల్లుబాటు గడువు, ఈఎండీ (బిడ్‌తో కట్టే ధరావతు) బ్యాంకు గ్యారంటీ గడువు ముగిసిపోకుండా చూసుకోవాలి. రెండూ పొడిగిస్తున్నట్టు శాఖకు లేఖ రాసి, అందినట్టు సంతకం తీసుకోండి.

అపోహ: గెలిస్తే పని మనకే వస్తుంది.

వాస్తవం: సాధారణంగా వచ్చేది బిడ్ల మళ్లీ మదింపు, లేదా కొత్త టెండర్. 2006లో జగదీశ్ మండల్ కేసు చెప్పినట్టు కోర్టు రెండు ప్రశ్నలు వేసుకుంటుంది. నిర్ణయం దురుద్దేశంతోనో, ఒకరికి మేలు చేయాలనో, ఏ బాధ్యతగల అధికారీ తీసుకోనంత అడ్డగోలుగానో జరిగిందా? ప్రజాప్రయోజనం దెబ్బతిందా? అందుకే మన నష్టం ఎంతో రాసి ఆపేయకండి. అర్హత ఉన్న తక్కువ ధర బిడ్‌ను తోసేయడం వల్ల ఖజానా మీద పడే అదనపు భారం ఎంతో, రెండు ధరల మధ్య తేడా లెక్కగట్టి పిటిషన్ మొదటి పేజీల్లోనే పెట్టండి.