రొయ్యల గుంట దగ్గర 1970 లెక్క

కొత్తపట్నం, సింగరాయకొండ తీరం వెంట రొయ్యల గుంటలున్న రైతు ఆక్సిజన్ సెన్సర్ పెట్టుకుని, దాని ఫైలు దించి చూస్తే, తేదీ ఉండాల్సిన గడిలో 1700000000 లాంటి అంకె కనబడవచ్చు. అది 1970 జనవరి 1 గ్రీనిచ్ అర్ధరాత్రి నుంచి గడిచిన సెకన్ల లెక్క. దాన్ని తేదీగా మార్చితే 2023 నవంబర్ 14, రాత్రి 10:13 అని వస్తుంది. అది గ్రీనిచ్ వేళ. మనకు అప్పటికే 15వ తేదీ తెల్లవారుజాము 3:43.

రొయ్యల రైతుకు ఇది చిన్న తేడా కాదు. చీకటి పడ్డాక నీళ్లలోని నాచు ఆక్సిజన్ ఇవ్వదు. గుంటలోని ప్రాణులన్నీ మాత్రం పీల్చుకుంటూనే ఉంటాయి. అందుకే డీఓ, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, అడుగంటేది తెల్లవారే ముందు. అది రాత్రి పదికే పడిపోయిందనుకుని నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల వేళలు మార్చుకుంటే, అసలు అవసరమైన గంటలో అవి ఆగి ఉంటాయి. సెన్సర్ తప్పు చెప్పలేదు, మార్చడంలోనే ఐదున్నర గంటలు జారిపోయాయి.

ఈ లెక్క పుట్టింది అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో, కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేస్తున్న రోజుల్లో. 1971 నాటి మొదటి మాన్యువల్‌లో కాలాన్ని ఆ ఏడాది జనవరి 1 నుంచి, సెకనులో అరవయ్యో వంతు చొప్పున లెక్కపెట్టారు. అలాగైతే 32 బిట్ల (0, 1 అంకెల) చోటు రెండేళ్ల మూడు నెలలకే నిండిపోతుంది. తర్వాత సెకన్ల లెక్కకు మారి, 1970 జనవరి 1 గ్రీనిచ్ అర్ధరాత్రిని సున్నాగా పెట్టుకున్నారు. లెక్కకు వీలన్న మాటే తప్ప ఆ తేదీకి వేరే విశేషం లేదు.

మన జిల్లా ఆ సున్నాకు చాలా దగ్గరలో పుట్టింది. నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల నుంచి కొంత కొంత తీసి ఒంగోలు జిల్లాను ఏర్పాటు చేసింది 1970 ఫిబ్రవరి 2న. మన వేళ ప్రకారం ఆ రోజు మొదలైన క్షణం కంప్యూటర్‌కు 2745000. 1972లో అది ప్రకాశం జిల్లా అయింది. టంగుటూరి ప్రకాశం పంతులుగారు వినోదరాయునిపాలెంలో పుట్టిన 1872 ఆగస్టు 23 మాత్రం మైనస్ అంకెల్లోకి పోతుంది. 64 బిట్ల లెక్కలో అది పడుతుంది, 32 బిట్లలో పట్టదు. ఎక్సెల్ 1900కు ముందు తేదీలను తేదీలుగానే ఒప్పుకోదు. పైగా లోటస్ 1-2-3 అనే పాత స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రాంతో సరిపోవాలని 1900ను లీపు సంవత్సరంగా లెక్కపెట్టే పొరపాటును అలాగే ఉంచేశారు.

ఇక ఆ ఐదున్నర గంటలు. 1906 జనవరి 1 నుంచి 82.5 డిగ్రీల రేఖాంశం మీద భారత ప్రామాణిక కాలం వచ్చింది. ఆ రేఖ కాకినాడ పక్కగా పోతుంది. అంతకుముందు రైళ్లు నడిచిన మద్రాసు టైము గ్రీనిచ్ కంటే 5 గంటల 21 నిమిషాలు ముందు. దాదాపు 80 డిగ్రీల మీదున్న నెల్లూరు, ఒంగోలుకు సూర్యుడి ప్రకారం అదే దగ్గర.

ఎక్సెల్‌లో సరిగ్గా రావాలంటే అంకెకు 19800 (ఐదున్నర గంటల సెకన్లు) కలిపి, 86400 (రోజులోని సెకన్లు)తో భాగించి, 25569 (ఎక్సెల్ లెక్కలో 1970 జనవరి 1) కలపాలి. తర్వాత ఆ గడిని తేదీ, సమయం ఫార్మాట్‌లోకి మార్చాలి. అంకె 13 స్థానాలుంటే అది మిల్లీసెకన్లలో ఉన్నట్టు, ముందు వెయ్యితో భాగించాలి.

సమయాన్ని 32 బిట్లలో దాచే పరికరాల్లో ఈ లెక్క మన వేళ ప్రకారం 2038 జనవరి 19 ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు నిండుతుంది. ఆ మరుక్షణం తేదీ 1901 డిసెంబర్‌కు దూకుతుంది. ఏళ్ల తరబడి వాడాలని ఇప్పుడు ఏ లాగర్ (రీడింగులు నమోదుచేసే పరికరం) కొన్నా, సమయాన్ని 64 బిట్లలో దాస్తుందో లేదో అమ్మేవాళ్లను అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి.