నిజమైనా నేరమే: 1605లో పడిన ముడి

పరువు నష్టాన్ని క్రిమినల్ కేసుగా ఉంచాలా, తీసేయాలా అన్న చర్చ మళ్లీ మొదలైంది. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఒక కేసు వింటూ, దీన్ని నేరాల జాబితా నుంచి తప్పించే సమయం వచ్చిందన్నట్టు వ్యాఖ్యానించింది. పరువు నష్టాన్ని నేరంగా చూసే ఐపీసీ 499, 500 సెక్షన్లు రాజ్యాంగబద్ధమేనని 2016లో తీర్పు ఇచ్చిందీ ఆ కోర్టే. 2024 జులై 1 నుంచి అవి భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్‌గా మారాయి. నంబరు మారినా ఒక షరతు అలాగే ఉంది. అన్న మాట నిజమని రుజువు చేసుకుంటే చాలదు, అది ప్రజల మేలుకే అన్నానని కూడా చూపించాలి. నిజం నిష్ఠూరమని మనకు తెలుసు. అది నేరం ఎప్పుడయింది?

జవాబు ఇంగ్లండ్ పెద్దింటివాళ్ల పరువు తగాదాల్లో ఉంది. పరువు కోసం ఇద్దరు కత్తులతో తలపడి తేల్చుకునే ద్వంద్వ యుద్ధాల మోజు అప్పట్లో వాళ్లలో ఉండేది, అది నేర్పడానికి ఇటలీ నుంచి కత్తిసాము గురువులూ వచ్చారు. ఆ కథ పక్కన పెట్టి నేరుగా 1605కి వస్తాను.

అంతకు ముందు ఏడాది ఇంగ్లండ్ చర్చిలో అందరికన్నా పెద్ద మతాధికారి, కాంటర్‌బరీ ఆర్చిబిషప్ జాన్ విట్‌గిఫ్ట్ చనిపోయారు. క్రాయిడన్‌లో అంత్యక్రియలప్పుడు ఆయన శవపేటిక మీద ఎగతాళి పద్యం ఉన్న కాగితం ఒకటి గుచ్చి కనిపించింది. రాసినవాడు లూయిస్ పికరింగ్. నార్తాంప్టన్‌షైర్‌కి చెందిన కలిగిన కుటుంబం వాడు, ఆ చర్చిని ఇంకా సంస్కరించాలనే ప్యూరిటన్ వర్గం వాడు. కేసు స్టార్ చాంబర్‌కి వెళ్లింది. జ్యూరీ లేని కోర్టు అది, రాజుగారి మంత్రులూ పెద్ద న్యాయమూర్తులూ కలిసి కూర్చునేవారు. తిట్టిన మనిషి బతికే లేడు కదా అన్న వాదన అక్కడ నిలవలేదు. రాసింది నిజమైనా సరే నేరమేనని కోర్టు తేల్చింది.

అప్పటి అటార్నీ జనరల్ ఎడ్వర్డ్ కోక్ ఈ కేసును తన రిపోర్టుల్లోకి, అంటే తాను రాసిన తీర్పుల సంకలనంలోకి ఎక్కించాడు. అందులో చెప్పిన కారణం చూడండి. ఒక మనిషిని రాతలో అవమానిస్తే అతని కుటుంబం, చుట్టాలు పగబడతారు, కొట్లాటలవుతాయి, రక్తం పారుతుంది. అధికారిని అవమానిస్తే అది ప్రభుత్వానికే మచ్చ. అందుకని ఇది శిక్షించాల్సిన నేరం. ముడి పడింది ఇక్కడేనని నా అభిప్రాయం. అబద్ధం చెప్పడం కాకుండా కోపం తెప్పించడం నేరమయ్యాక, నిజానికి అక్కడ చోటు ఎలా ఉంటుంది? నిజమైన మాటకే కోపం ఎక్కువ వస్తుంది.

ఆ రోజుల్లోనే మామూలు కోర్టులు దీనికి పూర్తిగా వేరే దారిలో నడిచాయి. సర్ థామస్ హోల్ట్ తన వంటవాడి తల మీద మాంసం కొట్టే కత్తితో వేశాడని, తల రెండు చెక్కలై చెరో భుజం మీదా పడిందని ఒకడు ఊళ్లో చెప్పాడు. హోల్ట్ దావా వేశాడు. 1607లో కింగ్స్ బెంచ్ అనే కోర్టు దాన్ని కొట్టేసింది. తల పగిలిందన్నాడే గానీ వంటవాడు చచ్చాడని ఎక్కడా అనలేదు, కాబట్టి హత్య చేశాడన్న నింద లేదు, నష్టపరిహారం లేదు. విడ్డూరంగా ఉన్నా దీని వెనక ఒక క్రమశిక్షణ ఉంది. వచ్చిపడుతున్న దావాలను తగ్గించడానికి న్యాయమూర్తులు ఏ మాటకైనా వీలైనంత మెత్తని అర్థమే తీసేవాళ్లు. పరిహారం రావాలంటే నేరం అంటగట్టాలి, లేదా వృత్తి దెబ్బతినాలి, లేదా అంటురోగం ఉందనాలి. ఒట్టి తిట్టుకు డబ్బు రాదు.

పెద్దింటివాళ్లకు ఇది మింగుడుపడలేదు. "అబద్ధమాడుతున్నావు" అని నలుగురిలో అంటే వాళ్లకు తల కొట్టేసినట్టే. కోర్టులో దానికి విలువ లేకపోతే చేతిలో కత్తి ఉండనే ఉంది. 1613లో ఎడ్వర్డ్ సాక్‌విల్, లార్డ్ కిన్‌లాస్ సముద్రం దాటి వెళ్లి మరీ పోరాడితే కిన్‌లాస్ చనిపోయాడు. రాజు జేమ్స్ ద్వంద్వ యుద్ధాల మీద ప్రకటనలు జారీ చేశాడు. 1614 జనవరిలో అప్పటి అటార్నీ జనరల్ ఫ్రాన్సిస్ బేకన్ ఇద్దరిని స్టార్ చాంబర్‌కి ఈడ్చాడు. పోరు జరగనే లేదు. సవాలు రాసినందుకు ప్రీస్ట్‌కి, మోసుకెళ్లినందుకు రైట్‌కి జరిమానాలు పడ్డాయి. చట్టం లేకపోతే ప్రాణాలు పోయేవన్న వాదనకు బలం ఉన్న చోటు ఇదే.

అయితే కత్తి దించమన్న ప్రభుత్వం, బదులుగా ఆ పరువును తానే కాపాడతానని మాటిచ్చింది. వంశ చిహ్నాల వ్యవహారాలు చూసే రాజోద్యోగి ఎర్ల్ మార్షల్ ఆధ్వర్యంలోని కోర్ట్ ఆఫ్ షివల్రీ 1634 నుంచి 1640 వరకు ఇలాంటి కేసులు వందలు విన్నది. "నువ్వు జెంటిల్మన్‌వే (పెద్దింటివాడివే) కాదు" అంటే అక్కడ కేసు. ఫిర్యాదుదారు ముందుగా తన వంశం చూపించుకోవాలి. ఓడినవాడు తలమీద టోపీ తీసి, రాసిచ్చిన క్షమాపణ అందరి ముందూ చదవాలి. ఆ కోర్టు మీద 1640లో పార్లమెంటులో ఎడ్వర్డ్ హైడ్ చెప్పిన ఉదంతం మరిచిపోయేది కాదు. లండన్‌లో ఒకాయనకి పడవ కిరాయి దగ్గర గొడవైంది. పడవవాడు తన బిళ్ల చూపించి బెదిరించాడు. దాని మీద అతని యజమాని, ఎర్ల్ బిరుదున్న ఒక ప్రభువుగారి చిహ్నం హంస ఉంది. "పోరా, నువ్వూ నీ బాతూ" అన్నాడీయన. ఆ ఒక్క మాటకు కోర్టు అతన్ని ఆర్థికంగా చితికిపోయేలా చేసిందని హైడ్ సభలో చెప్పాడు. వంశం లేనివాడి పరువుకు ఆ కోర్టులో తలుపే లేదు.

ఆ ఏడాదే ఆ కోర్టు ఆగిపోయింది, 1641లో స్టార్ చాంబర్ రద్దయింది. 1605 సూత్రం మాత్రం మామూలు కోర్టుల చేతికి వచ్చి బతికింది. మనకు ఒక అవకాశం వచ్చింది కూడా. 1837లో మెకాలే తయారుచేసిన శిక్షాస్మృతి ముసాయిదా ఆ శాంతిభద్రతల వాదనను ఒప్పుకోలేదు, నిజమైతే నేరం కాదంది. 1860లో అది ఐపీసీగా చట్టమయ్యేసరికి ప్రజాప్రయోజనం షరతు వచ్చి చేరింది.

ఇంగ్లండ్‌లో 2010 జనవరి 12 నుంచి ఈ నేరమే లేదు. మన 356లో రెండేళ్ల దాకా జైలు ఉంది. మొదటి వివరణ ప్రకారం, బతికి ఉంటే పరువు పోయే మాట, కుటుంబాన్ని నొప్పించాలనే ఉద్దేశంతో చనిపోయిన మనిషి గురించి అన్నా నేరమే. క్రాయిడన్‌లో శవపేటికకు గుచ్చిన కాగితంలాగే.