డేగను పట్టే ముందు గురువును పట్టాలి

అమెరికాలో డేగవేట, అంటే డేగను మచ్చిక చేసి దానితో వేటాడే విద్య, నేర్చుకోవాలంటే ముందు ఒక సంతకం సంపాదించాలి. లైసెన్సు ఉండి, శిష్యరికం దాటిన ‘జనరల్’ స్థాయిలో కనీసం రెండేళ్ల అనుభవం ఉన్న వేటగాడు ‘ఇతను నా శిష్యుడు’ అని రాసిస్తే తప్ప దరఖాస్తు కదలదు. తర్వాత రాతపరీక్షలో నూటికి 80 తెచ్చుకోవాలి, ఇంటి దగ్గర పక్షి గదిని అధికారి చూసి సరేననాలి. ఇంతా చేస్తే చేతికొచ్చేది అప్రెంటిస్ లైసెన్సు. డేగవేటకు అనుమతే లేని హవాయిని పక్కనపెడితే దేశమంతా ఇదే వరస.

ఒకప్పుడు అక్కడ డేగంటే కోళ్ల దొంగ, కనిపిస్తే కాల్చేయడమే. 1929లో పెన్సిల్వేనియా ప్రభుత్వం చంపిన ఒక్కో గాస్‌హాక్ జాతి డేగకూ అయిదు డాలర్లు ఇస్తానంది. వలస డేగలు దాటే కొండల మీద తుపాకులతో కాపు కాసేవారు. ఆ మారణకాండ చూడలేక రోజలీ ఎడ్జ్ అనే ఆవిడ 1934లో అలాంటి కొండనొకదాన్ని లీజుకు తీసుకుని కాపలా పెట్టించింది. అదే హాక్ మౌంటెన్. వలస పక్షుల రక్షణకు 1918లోనే చట్టం వచ్చినా అందులో డేగలకు చోటు దక్కలేదు. గుట్ట ఎక్కి గూటిలోంచి పిల్లను తెచ్చుకున్నా చాలాచోట్ల అడిగే నాథుడు లేడు.

తుపాకీ చేయలేని పని డీడీటీ చేసింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పొలాల్లో విచ్చలవిడిగా చల్లిన ఆ మందు చిన్న పిట్టల ద్వారా భైరి (పెరెగ్రిన్) డేగల ఒంట్లో చేరింది. గుడ్ల పెంకులు పలచబడి, పొదగడానికి కూర్చున్న తల్లి కిందే చితికిపోయాయి. 1960ల మధ్యకు మిసిసిపీ నదికి తూర్పున గూడు కట్టే భైరి ఒక్కటీ మిగల్లేదు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో పనిచేసే టామ్ కేడ్ 1970లో పెరెగ్రిన్ ఫండ్ మొదలుపెట్టారు. ఆయన స్వయంగా డేగవేటగాడు. తోటి వేటగాళ్లు ఇచ్చిన పక్షులతోనే పిల్లలు చేయించి, పాతకాలపు వేటగాళ్ల పద్ధతిలోనే వాటిని మెల్లమెల్లగా అడవికి అలవాటు చేశారు. ఆ సంస్థా, భాగస్వాములూ కలిసి వదిలినవి నాలుగు వేలకు పైమాటే. 1999లో భైరిని ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలోంచి తీసేశారు.

ఈలోగా చట్టం మారింది. మెక్సికోతో ఉన్న పక్షుల ఒప్పందాన్ని 1972లో సవరించి డేగలు, గద్దలు, గుడ్లగూబలను చేర్చారు. దాంతో అనుమతి లేకుండా డేగను పెంచడం ఫెడరల్ నేరమైంది. అదే ఏడాది మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చి డేగవేటకు తలుపు మూసేసింది. కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలోనే మానసోల్లాసంలో రాజుల వినోదాల్లో ఒకటిగా వర్ణించిన విద్య అది. అమెరికా మాత్రం తలుపు మూయకుండా గడప ఎత్తు పెంచింది. 1976 నాటి నిబంధనలు అప్రెంటిస్, జనరల్, మాస్టర్ అని మూడు మెట్లు పెట్టాయి. అప్రెంటిస్‌కు అప్పట్లో కనీస వయసు 14. కెస్ట్రెల్ అనే చిన్న డేగ, ఎర్రతోక డేగ లాంటి రెండు మూడు జాతుల్లోంచి ఒక్క పక్షినే ఉంచుకోవాలి.

గూటిలోంచి పిల్లను తేవడం శిష్యుడికి ఇప్పటికీ నిషిద్ధం. మనిషి చేతుల్లో పెరిగిన పిల్ల మనిషినే తల్లి అనుకుని అస్తమానం అరుస్తుంది, కొత్తవాడి వల్ల కాదు. అందుకే చాలామంది ఆ ఏడాదే పుట్టి, వేట కాస్త ఒంటబట్టిన డేగను శరత్కాలంలో పడతారు. స్తంభం మీద ఎర్రతోక డేగ కనబడగానే కారు నెమ్మది చేసి, రోడ్డు వార చిన్న తీగబోను జారవిడుస్తారు. లోపల ఎలుక, పైన నిండా నైలాన్ ఉచ్చులు. డేగ వచ్చి తన్నుతుంది, వేళ్లు చిక్కుకుంటాయి. ఆ బోను పేరు బాల్ ఛత్రీ, మన దేశం నుంచి వెళ్లిందే. ఆ తర్వాత రోజూ గ్రాముల్లో తూకం. బరువు ఎక్కువైతే పిలిచినా రాదు, మరీ తగ్గితే ప్రాణానికే ముప్పు. పట్టిన పది రోజుల్లోగా ఆ వివరాలు ప్రభుత్వ రికార్డుకు ఎక్కించాలి.

నా లెక్కలో వీటన్నిటికంటే పెద్ద అడ్డంకి గురువే. పరీక్షకు చదువుకోవచ్చు, గది కట్టుకోవచ్చు. ఒక గురువు దగ్గర ఏకకాలంలో ముగ్గురికి మించి శిష్యులు ఉండకూడదు, శిష్యరికం రెండేళ్లు. వేట వాసనే లేని ఇంట్లో పుట్టి, డాలస్ శివారులో స్థిరపడ్డ మన సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఎవరి తలుపు తట్టాలి? ఎవరు లోపలికి రావాలో తేల్చే అధికారాన్ని ప్రభుత్వం వేటగాళ్ల చేతిలోనే పెట్టింది. పక్షికి ఇది మేలే, సందేహం లేదు. ఉత్సాహం చల్లారేదాకా కొత్తవాణ్ని తిప్పించుకునే పద్ధతి కూడా ఇదే.

ప్రభుత్వానికి వేటగాళ్ల మీద అనుమానం మాత్రం పోలేదు. అడవి డేగలను దొంగచాటుగా అమ్ముతున్నారంటూ 1984లో ‘ఆపరేషన్ ఫాల్కన్’ పేరుతో పలు రాష్ట్రాల్లో దాడులు చేశారు. ఆ చేదు పాత వేటగాళ్ల మాటల్లో నేటికీ వినబడుతుంది. 2008లో నిబంధనలు సడలించి వయసు 12కు దించారు, జాతుల జాబితా పెంచారు. 2014 నుంచి ఫెడరల్ పర్మిట్ ఎత్తేసి లైసెన్సు పూర్తిగా రాష్ట్రాలకు అప్పగించారు. తనిఖీ షరతు మాత్రం అలాగే ఉంది. లైసెన్సు కావాలంటే వారెంటు లేని సోదాలకు ఒప్పుకోవాలనడం రాజ్యాంగ విరుద్ధమంటూ కాలిఫోర్నియాలో కొందరు వేటగాళ్లు 2018లో దావా వేశారు. ఆ అభ్యంతరం లేవనెత్తే అర్హత వాళ్లకు ఉందని అప్పీలు కోర్టు 2024లో తేల్చింది.