కెమెరా విమానం పొట్టలోకి ఎలా దిగింది?

శంషాబాద్‌లో చెకిన్ కౌంటర్ల దగ్గర తరచూ కనిపించే దృశ్యమే. పెళ్లి షూట్‌కి బయల్దేరిన ఫొటోగ్రాఫర్‌ని భుజాన ఉన్న బ్యాగు త్రాసు మీద పెట్టమంటారు. చేతి సామానుకి 7 కిలోలే. పెద్ద సెన్సరున్న రెండు ఫుల్‌ఫ్రేమ్ కెమెరా బాడీలు, ఒక 24-70 లెన్సు, ఒక 70-200 లెన్సు కలిస్తేనే నాలుగు కిలోలు. ఫ్లాషులు, ల్యాప్‌టాప్, చార్జర్లు, బ్యాగు సొంత బరువు దానికి తోడు. ముల్లు ఏడు దాటగానే అవతలి నుంచి ఒకటే మాట: "ఇది లగేజీలో వేసేయండి సార్."

మెత్తటి బ్యాగులో ఉన్న కెమెరాలు అలాగే కన్వేయర్ ఎక్కాయా, ఇక దేవుడే దిక్కు. గట్టి పెట్టె ఏది కొనాలన్న ప్రశ్న అక్కడ మొదలవుతుంది. బ్రాండు పేరు చెప్పడం తేలికే. కానీ పెట్టె ఎందుకింత గట్టిగా ఉండాల్సి వచ్చిందో తెలియకుండా కొంటే డబ్బు దండగ. పోయినదానికి చట్టం సరిపడా ఇవ్వదు, క్యాబిన్‌లోకి రానివ్వరు. ఆ రెండు లోట్లనూ పూడ్చమని మనం ఒక ప్లాస్టిక్ డబ్బాని అడుగుతున్నాం.

చట్టం సంగతి ముందు. 1929 నాటి వార్సా ఒప్పందం సామాను విలువని కిలోల్లో కొలిచింది: కిలోకి 250 బంగారు ఫ్రాంకులు. తర్వాతి దశాబ్దాల్లో అది కిలోకి సుమారు 20 డాలర్లుగా లెక్కకొచ్చింది. అంటే కిలోన్నర బరువుండే 70-200 లెన్సు పగిలితే 30 డాలర్లు. బట్టలకూ గాజుకూ ఒకే ధర. 1999 మాంట్రియల్ ఒప్పందం కిలోల లెక్క తీసేసి ప్రయాణికుడికి ఇంత అని పరిమితి పెట్టింది. భారత్ 2009లో అందులో చేరింది. ఆ పరిమితి 2024 డిసెంబర్ 28 నుంచి 1,519 ఎస్‌డీఆర్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కల యూనిట్), రమారమి 2,000 డాలర్లు. ఒక మంచి బాడీకే చాలదు. పైగా కెమెరాలు, ఎలక్ట్రానిక్స్ చెకిన్‌లో పెట్టొద్దని ఎయిర్‌లైన్లు తమ నిబంధనల్లో ముందే రాసుకుంటాయి. పెట్టొద్దని రాసేదీ వాళ్లే, కౌంటర్ దగ్గర పెట్టమనేదీ వాళ్లే. ఇది అన్యాయం.

ఇక పెట్టె. 1938లో అమెరికా చమురు వ్యాపారి ఎర్ల్ హాలిబర్టన్ తన ప్రయాణాల దుమ్మూ కుదుపులూ తట్టుకునే అల్యూమినియం పెట్టె చేయించుకున్నాడు. జీరో హాలిబర్టన్ పేరుతో అదే తర్వాత కెమెరావాళ్ల చేతికొచ్చింది. జర్మనీలో కొలోన్‌కి చెందిన రిమోవా 1937లో అల్యూమినియం ట్రంకు తెచ్చి, 1950లో దాని మీద పొడవాటి గాడులు తీర్చింది. యుంకర్స్ విమానాల ముడతల రేకు నుంచి వచ్చిన ఆలోచన అది. పల్చటి రేకు కూడా ముడత పడితే వంగదు. మన ఊళ్ల రేకుల షెడ్డు చూసినవాళ్లకి ఈ సూత్రం వేరే చెప్పక్కర్లేదు. 1976లో అదే సంస్థ ఫొటో, సినిమా సామగ్రి కోసమే ట్రోపికానా అనే పెట్టె చేసింది, ఉష్ణమండలపు తేమ లోపలికి దూరకుండా.

అదే 1976లో కాలిఫోర్నియాలోని టోరెన్స్‌లో డేవ్ పార్కర్ అనే స్కూబా డైవర్ పెలికాన్ అనే సంస్థ మొదలుపెట్టాడు. తర్వాత ఆ పేరే గట్టి ప్లాస్టిక్ పెట్టెలన్నిటికీ వాడుక పేరైపోయింది. అల్యూమినియానికి సొట్ట పడితే మూత అంచు వంకరపోతుంది, సీలు పోతుంది. పెలికాన్ పెట్టెల పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ గీసుకుపోతుందేగానీ తేలిగ్గా ఆకారం చెడదు. మూత చుట్టూ రబ్బరు ఓ-రింగ్ ఉంటుంది. దానితో ఒక చిక్కు. విమానం పైకెళ్లినప్పుడు హోల్డులో, అంటే సామాను పెట్టే విమానం పొట్టలో, గాలి ఒత్తిడి తగ్గి పెట్టెలోని గాలి కొంత బయటికి పోతుంది. కిందికి దిగాక బయటి గాలి మూతని అదిమిపెడుతుంది, ఎంత లాగినా రాదు. అందుకే పిడి దగ్గర చిన్న వాల్వు పెట్టారు. గాలిని పోనిస్తుంది, నీటిని రానివ్వదు. సీలున్న పెట్టె కొనేటప్పుడు నేను ముందు చూసేది ఆ వాల్వునే.

కష్టం బరువు దగ్గర వచ్చింది. క్యాబిన్ కోసమే చేసిన పెలికాన్ 1510 ఖాళీదే ఫోముతో కలిపి 6 కిలోలు దాటుతుంది. మన 7 కిలోల నిబంధనలో ఇక ఒక 70-200 లెన్సు కూడా పట్టదు. అందుకే ఇక్కడ అది చెకిన్ పెట్టె అయిపోయింది. దేశీయ విమానాల్లో మామూలుగా దొరికే 15 కిలోల్లో కూడా సగానికి దగ్గరగా అదే తినేస్తుంది.

తాళం కథ వేరు, దాని మొదట్లో మనవాళ్ల చావులున్నాయి. 1985 జూన్ 23న ఎయిరిండియా కనిష్క విమానం ఐర్లండ్ తీరానికి ఆవల కూలి 329 మంది పోయారు. బాంబు చెకిన్ సూట్‌కేసులో వచ్చింది. ఆ సూట్‌కేసు వేసినవాడు విమానం ఎక్కనే లేదు. 1988లో స్కాట్లండ్‌లోని లాకర్బీ ఊరి మీద విమానంలో పేలిన బాంబు రేడియో క్యాసెట్ ప్లేయర్‌లో దాగుంది. సూట్‌కేసులో వైర్లూ సర్క్యూట్లూ కనబడితే తెరిచి చూసే రోజులు అలా దగ్గరపడ్డాయి. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత అమెరికా ప్రతి చెకిన్ బ్యాగునీ తనిఖీ చేయాలంది. 2003లో అధికారుల దగ్గర మాస్టర్ తాళంచెవి ఉండే టీఎస్ఏ (అమెరికా విమానాశ్రయ భద్రతా సంస్థ) తాళాలొచ్చాయి. 2014లో ఆ తాళంచెవుల ఫొటో ఒక పత్రికలో అచ్చయింది. మరుసటేడు వాటి త్రీడీ ప్రింటు నమూనాలు అందరికీ దొరికాయి. కాబట్టి ఆ తాళం దొంగని ఆపుతుందని నమ్మొద్దు. దారిలో మూత తెరుచుకోకుండా ఆపితే చాలు. జిప్పు సూట్‌కేసుకి ఆ మాత్రం భరోసా కూడా లేదు. బాల్‌పెన్ను మొనతో జిప్పు చీల్చి, మళ్లీ మూసేయొచ్చు.

ఫిల్ము కాలంలో చెకిన్ ఎక్స్‌రేకి ఫిల్ము మసకబారుతుందని రీళ్లు చేతిలో పెట్టుకుని, కెమెరాని కిందికి పంపేవాళ్లుండేవారు. డిజిటల్ వచ్చాక రీలు స్థానంలో బ్యాటరీ నిలబడింది. 2008 జనవరి 1 నుంచి అమెరికా విడి లిథియం బ్యాటరీలని చెకిన్‌లో నిషేధించింది. ఇప్పుడు ఎక్కడైనా అంతే: విడి బ్యాటరీలు, పవర్ బ్యాంకులు చేతి సామానులోనే.

ఈ లెక్కంతా 2017 మార్చిలో తలకిందులైంది. దుబాయ్, అబుదాబి, దోహా సహా 10 విమానాశ్రయాల నుంచి నేరుగా అమెరికా వెళ్లే విమానాల్లో, ఫోను కన్నా పెద్ద ఎలక్ట్రానిక్ వస్తువు ఏదీ క్యాబిన్‌లో ఉండకూడదన్నారు. కెమెరాలు కూడా. హైదరాబాద్ నుంచి డాలస్‌కో న్యూజెర్సీకో గల్ఫ్ మీదుగా వెళ్లే తెలుగువాళ్లకి అది సూటిగా తగిలింది. అప్పటిదాకా ఏదోలా క్యాబిన్‌లో నెట్టుకొచ్చినవాళ్లకీ గట్టి పెట్టె తప్పనిసరైంది. ఆ జులైకల్లా నిషేధం ఎత్తేశారు. మళ్లీ రాదని ఎవరూ హామీ ఇవ్వలేదు.

ఇంత తెలిశాక నా ఎంపిక ఇది. బోయింగ్ 737 లాంటి చిన్న విమానాల్లో హోల్డు ఎత్తు తక్కువ. లోడర్లు మోకాళ్ల మీద కూర్చుని బ్యాగులు ఒక్కొక్కటిగా పేరుస్తారు. ఆ ఎండలో, ఆ ఇరుకులో బరువు పెట్టె విసురుగా పడడం సహజం, వాళ్లని తప్పుపట్టను. కాబట్టి పెట్టె ఒక మనిషి ఎత్తగలిగేలా ఉండాలి. పలచటి పాలీకార్బొనేట్ ప్లాస్టిక్ సూట్‌కేసు దెబ్బకి వంగి మళ్లీ నిలబడుతుంది. బట్టలకి అది మేలే, లెన్సుకి ఆ వంపే ముప్పు. అందుకే వంగని పెట్టె కావాలి, లోపల ఫోము ముఖ్యం. లెన్సుని బాడీ నుంచి విడదీసి, దేనికది వేరే గుంటలో బిగుతుగా కూర్చోబెట్టాలి. తళతళలాడే వెండిరంగు పెట్టె లోపల కెమెరా ఉందని ఊరంతా చాటుతుంది. అన్నిటికన్నా ఖరీదైన బాడీ, మెమరీ కార్డులు మాత్రం నా వెంటే క్యాబిన్‌లోకి వస్తాయి.

మూత వేసేముందు లోపలి అమరిక, సీరియల్ నంబర్లు కనబడేలా ఫోనుతో ఒక ఫొటో తీసుకోండి. దిగాక బెల్టు దగ్గరే పెట్టె తెరిచి చూడండి. ఏదైనా పగిలితే అక్కడే ఫిర్యాదు రాయించండి. అంతర్జాతీయ ప్రయాణంలో రాతపూర్వకంగా చెప్పడానికి 7 రోజులే గడువు.